ముట్లుడుగు వయస్సు: గ్రామ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

పాచిపెంట కొండ గ్రామముల స్త్రీలు కట్టెమోపులతో గట్లెక్కుచుందురు. శరీరశ్రమ చేయుడని వారికి మనము బోధింపనక్కరలేదు. చెప్పవలసిన మాట వేరొకటి కలదు.

సాధారణముగా 45-50 ఏండ్ల నడుమ స్త్రీలకు ముట్లుడుగును. ఆ దినములలో నెలసరి క్రమము తప్పుట, ఒంట ఆవిరులు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు కలుగవచ్చును. ఇది వ్యాధి కాదు; బాధ మిక్కుటమైనచో మందులు కలవు. అయినను భయపడి గర్భసంచి తీయించుకొనువారు మనలో పెక్కురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏండ్ల స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు దేశమున నూటికి 3గురు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది! గర్భసంచితో అండాశయములను కూడ తీసివేసినచో బాధలన్నియు ఒక్కసారిగా మీదపడును. ఎముకలు త్వరగా గుల్లబారును.

ఎముకల బలమునకు చోడి అంబలి మేలు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. బియ్యము దొరకుచున్నదని దీనిని విడుచుట మాకు నచ్చని మార్పు.

ముట్లాగి ఏడాది నిండిన పిమ్మట చుక్క రక్తము కనబడినను ఆలసింపక వైద్యునికి చూపవలెను. అది గర్భసంచి క్యాన్సరుకు తొలి గుర్తు కావచ్చును. ఈ సంగతి మగవారి ఎదుట స్త్రీలు నోరు విప్పి చెప్పరు. కావున పంచాయతీ సభ్యురాలు ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఇంటింట విచారింపవలెను. ఎవరికైనను గర్భసంచి తీయవలెనని చెప్పియున్నచో, ఒప్పుకొనుటకు ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో మరియొక వైద్యురాలికి చూపించుటకు తోడు వెళ్లవలెను.