కీళ్ళవాతమునకు చికిత్స ఫలించినదని తెలియుట ఎట్లు?

ఉర్దూలో గఠియా అనియు, తెలుగులో కీళ్ళవాతమనియు మనము ఒకే పేరుతో పిలుచు బాధలో నిజమునకు పలు వ్యాధులున్నవి. వానిలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ వయసుతో కీళ్ళు అరుగుట వలన వచ్చునది కాదు. శరీరరక్షణ వ్యవస్థయే పొరబడి కీలు లోపలి పొరపై దాడి చేయును. ఆ పొర ఉబ్బి, క్రమముగా మృదులాస్థిని, ఎముకను తినివేయును.

మందు పనిచేయుచున్నదా లేదా అని తెలిసికొనుటకు వైద్యుడు వాచిన కీళ్ళను లెక్కించును, రక్తపరీక్ష చేయించును, రోగిని అడుగును. అయితే నొప్పి తగ్గుట వేరు, ఎముక నిలుచుట వేరు. నొప్పిమాత్ర బాధను అణచునే గాని ఎముక క్షయమును ఆపదు. రోగి కుదుటపడితినని తలచుచుండగనే వ్రేళ్ళు వంకరపోవచ్చును. ఇచ్చటనే ఛాయాచిత్రము అవసరమగుచున్నది.

ఎక్స్‌రేలోని క్షయమునకు అంకెలు వేయు పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ షార్ప్ 1971లో ప్రకటించెను. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెర్ హైడె 1989లో పాదములను కూడ చేర్చి దానిని సవరించిరి. ఎముక కోతకు 280, కీలు సందు ఇరుకగుటకు 168, మొత్తము 448. చికిత్స ఏదో తెలియని నిపుణులు ఈ అంకెలు వేయుదురు. మార్కులు పెరిగిన సంతోషించు మనకు ఇది వింతయే; ఇచ్చట సున్నయే ఉత్తమము. పోయిన ఎముక తిరిగి వచ్చుట అరుదు గనుక అంకె పెరగకుండుటయే విజయము.

2000లో ప్రచురింపబడిన ఒక ప్రయోగములో 428 మంది రోగులు పాల్గొనిరి. మెథోట్రెక్సేట్ మాత్రమే వాడినవారి అంకె 54 వారములలో సగటున 7 పెరిగెను. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కూడ పొందినవారిలో పెరుగుదల 0.6 మాత్రమే. బాహ్యముగా మెరుగు కనిపించని వారిలో సైతము ఎముక క్షయము నిలిచినది! ఒక్క నొప్పినే కొలిచియుండిన ఈ సంగతి తెలిసెడిదే కాదు.

ఎక్స్‌రే జరిగిపోయిన నష్టమునే చూపును. ఉబ్బిన పొరలోని రక్తప్రవాహమును డాప్లర్ అల్ట్రాసౌండ్ చూపగా, దానికి 0 నుండి 3 వరకు శ్రేణి ఇచ్చెదరు. ఎం.ఆర్.ఐ. ఎముక మజ్జలోని వాపును, అనగా రాబోవు కోతకు ముందరి సూచనను పట్టగలదు.

మరి ప్రతి రాకకును స్కానింగు అవసరమా? కాదనియే మా అభిప్రాయము. 2016లో వెలువడిన నార్వే పరిశోధనలో, క్రమము తప్పక కీళ్ళను పరీక్షించి మందు మార్చిన వారికన్న, అల్ట్రాసౌండ్‌ను కూడ అనుసరించిన వారికి అధిక ఫలితము కలుగలేదు. ఖరీదైన మందుల వాడకము మాత్రము హెచ్చినది. స్కానింగుకై అప్పు చేయవలసిన కుటుంబములకు ఇది ఊరటయే. రోగి మాటయు, వైద్యుని స్పర్శయు పొంతన కుదరనప్పుడు మాత్రము ఆ యంత్రము మిక్కిలి ఉపయుక్తము.

ఇక ఎక్స్‌రే సంగతి. చేతులు నొప్పియని వెళ్ళినవారికి పాదముల చిత్రము కూడ తీయించుమన్నచో అది వృథా వ్యయమని తలచరాదు. పలువురిలో ఎముక కోత మొట్టమొదట కనిపించునది కాలివ్రేళ్ళ మొదళ్ళలోనే.