అడిగిన ధర, తెగిన ధర

పిల్లలూ, మన భాషలో బేరం కుదురుతుంది, బేరం తెగుతుంది కూడా. కుదరడం, తెగడం ఎదురెదురు మాటల్లా కనిపిస్తాయి. బేరం విషయంలో మాత్రం రెండింటికీ అర్థం ఒకటే: ఇద్దరూ ఒక అంకె మీదకు వచ్చారని. అమ్మేవాడు నోటితో చెప్పింది అడిగిన ధర. చివరకు డబ్బు చేతులు మారింది తెగిన ధర. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో పోయిన వేసవిలో మా పిన్ని ఇంటి విషయంలో నాకు బాగా తెలిసొచ్చింది. మన తొమ్మిదో తరగతి వాళ్లు ఆ లెక్కలో నాకు సాయపడ్డారు కాబట్టి ఇదే ఈసారి పాఠం.

మా బాబాయి 1989లో న్యూజెర్సీ వెళ్లాడు. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి ఫ్లోరిడా వెళ్లిపోతూ తన చిన్ననాటి బేస్‌బాల్ కార్డుల పెట్టె బాబాయికి ఇచ్చేశాడట. బాబాయికి ఆ ఆట అప్పటికి తెలియదు. పెట్టె వచ్చాక తెలుసుకున్నాడు, తర్వాత తానూ కార్డులు కొని ఇంకో పెట్టె నింపాడు. కిందటి సంవత్సరం ఆయన పోయాడు. తమ్ముడి కాలేజీ ఫీజు కట్టాల్సిన తేదీ దగ్గర పడుతుండగా ఒక వ్యాపారి ఫొటోలు చూసి, రెండు పెట్టెలకూ కలిపి 3,000 డాలర్లు ఇస్తానన్నాడు. శనివారం వస్తానన్నాడు. పిన్ని నాకు ఫోన్ చేసి, "నువ్వు టీచరమ్మవి కదే, లెక్క చూసి చెప్పు" అంది.

నేను తెలుగు టీచరునని, లెక్కల టీచరును కానని ఆవిడకు చెప్పలేకపోయాను.

ముందు కార్డుల సంగతి. అమెరికాలో సిగరెట్ పెట్టెల్లో అట్ట ముక్క పెట్టి, దాని మీద ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేయడం పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. తర్వాత ఆ పని బబుల్‌గమ్ కంపెనీలు అందుకున్నాయి. బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ 1952లో 407 కార్డుల వరుస వేసింది. అందులో చివరి భాగం ఆటల కాలం ముగియబోతుండగా బజారుకు వచ్చి మిగిలిపోయింది. అమ్ముడుపోని ఆ సరుకును 1960లో కంపెనీ వాళ్లే పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పడేశారు. ఆ భాగంలోనే మికీ మాంటిల్ అనే ఆటగాడి 311వ నంబరు కార్డు ఉంది. దాని ఒక ప్రతి 2022 ఆగస్టులో వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. సముద్రంలో పోసినవాళ్లను తప్పుపట్టలేం. ఆ రోజు దాని తెగిన ధర సున్నా.

ఇలాంటి వార్త విన్నవాళ్లందరికీ తమ అటక మీద కూడా అదే ఉందనిపిస్తుంది. ఇక్కడే మా గుంటూరు వైపు మిర్చి రైతు తెలివి కావాలి. యార్డుకు తీసుకెళ్లే ముందు కాయను ఏరతారు. ఎర్రటి నిండు కాయ ఒక పక్క, రంగు వెలిసిన తాలు కాయ ఒక పక్క. రెండూ కలిపి పోస్తే మంచి కాయ కూడా తాలు ధరకే పోతుంది.

బాబాయి తాను కొన్న పెట్టె దాదాపు మొత్తం తాలే. 1980ల చివర, 90ల మొదట్లో అందరూ ఇవి ఎప్పటికైనా బంగారమవుతాయని కొని దాచారు. కంపెనీలు కూడా అంతులేకుండా అచ్చువేశాయి. అందరూ దాచుకున్నది అరుదు ఎలా అవుతుంది? 1989 అప్పర్ డెక్ వరుసలో కెన్ గ్రిఫీ జూనియర్ మొదటి కార్డు వంటి కొన్నింటికి ఇప్పటికీ గిరాకీ ఉంది, అదీ ఏ మచ్చా లేకుండా ఉంటేనే. ఆ కాలాన్ని సేకర్తలు చెత్తకాలం అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. పిన్నికి ఈ మాట చెప్పడం కష్టమైంది. బాబాయి ప్రతి కార్డునూ ప్లాస్టిక్ తొడుగులో పెట్టుకున్నాడు మరి.

పక్కింటాయన ఇచ్చిన పెట్టెలో మాత్రం 1950ల కార్డులు నాలుగు వందల దాకా ఉన్నాయి. తమ్ముడు ఒక్కొక్కటీ ఫొటో తీసి పంపాడు. వాటిలో 1955 టాప్స్ వరుసకు చెందిన సాండీ కోఫాక్స్, రాబర్టో క్లెమెంటే కార్డులు ఉన్నాయి. ఇద్దరికీ అది తొలి సంవత్సరం కార్డు. అలాంటివాటికే ఎక్కువ గిరాకీ. క్లెమెంటే ప్యూర్టో రికో నుంచి వచ్చినవాడు. 1955 కార్డు మీద అతని పేరు రాబర్టో అనే ఉంది. 1957 నుంచి 1969 దాకా కంపెనీ దాన్ని "బాబ్" అని మార్చేసింది. ప్రతి కొత్త బడిలోనూ హాజరు పుస్తకంలో నా పేరు ఒక్కో రకంగా రాస్తుంటారు కనుక ఆయన మీద నాకు వెంటనే అభిమానం పుట్టింది. 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సామాగ్రి తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఇక ధర ఎలా తెలుసుకోవాలి? ఈబేలో వెతికితే ఒకే కార్డుకు నూరు రకాల ధరలు కనిపిస్తాయి. అవన్నీ అడిగిన ధరలు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అక్కడే అమ్ముడైపోయినవాటిని మాత్రమే చూపించే ఏర్పాటు ఉంది. అందులో కనిపించేది తెగిన ధర. మనకు కావలసింది అదే, అదీ మన కార్డు ఉన్న స్థితిలోనే ఉన్న మరో కార్డుది. తమ్ముడు మూడు రాత్రులు కూర్చుని చూశాడు. మొత్తం పాత కార్డులు విడివిడిగా అమ్మితే దాదాపు 4,800 డాలర్లు రావచ్చని తేలింది. అందులో 3,600 కేవలం 12 కార్డులది.

ఇక్కడ తరగతికి తీసుకొచ్చాను. బల్ల మీద మూడు దారులు రాశాను.

మొదటిది గుత్తగా అమ్మడం: 3,000, శనివారం చేతికి. వ్యాపారి మోసం చేస్తున్నాడని అప్పుడే ఇద్దరు ముగ్గురు అరిచారు. కాదు. అతను అద్దె కట్టాలి, తాలును కూడా మోసుకెళ్లాలి, అమ్ముడుపోయేదాకా డబ్బు ఇరుక్కుంటుంది. ఆ వ్యాపారంలో సాధారణంగా తెగిన ధరలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఇస్తారు. 4,800లో 3,000 అంటే నూటికి 62న్నర. మర్యాదైన బేరమే.

రెండోది చిల్లరగా అమ్మడం. 4,800లో ఈబే వాళ్ల వాటా నూటికి 13 చొప్పున 624. కవర్లు, తపాలా ఖర్చు 350 వేసుకున్నాం. మిగిలింది 3,826. గుత్త బేరం కంటే 826 ఎక్కువ. తరగతి మొత్తం రెండో దారికే చెయ్యెత్తింది. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి మాత్రం, "నాలుగు వందల కార్డులు ఫొటో తీసి, రాసి, కట్టి పంపడానికి ఎన్ని గంటలు పడుతుంది టీచర్?" అని అడిగింది. తమ్ముణ్ణి అడిగితే తక్కువలో తక్కువ 60 గంటలన్నాడు. 826ను 60తో భాగించండి. గంటకు 14 డాలర్లు కూడా లేవు. న్యూజెర్సీలో కనీస వేతనమే 15 దాటింది. పక్క వీధిలో కొట్లో నిలబడ్డా అంతకంటే ఎక్కువ వస్తుంది.

ఆ ప్రశ్నకు ఆ అమ్మాయికి మార్కులు వేసే వీలుంటే వేసేదాన్ని.

మూడోది ఏరి అమ్మడం. 12 కార్డులు విడిగా, మిగతావి గుత్తగా. 3,600లో వాటా 468, భీమాతో పంపే ఖర్చు 60 పోతే 3,072. పెద్ద కార్డులు తీసేశాక మిగిలినవాటికి అదే వ్యాపారి 600 ఇస్తానన్నాడు. మొత్తం 3,672. పని ఎనిమిది గంటలు. రెండో దారికీ దీనికీ తేడా 154 డాలర్లే.

వేలం సంస్థల మాట కూడా వచ్చింది. మన ఊళ్లలో చెరువు పాట, కొబ్బరితోట పాట చూసినవాళ్లకు అర్థమయ్యేదే: సర్కారు పాట అనే కనీస ధర ఒకటి పెట్టి, దానిపైన ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు. అమెరికా వేలం సంస్థలు కొన్నవాడి దగ్గర కూడా పాట మీద అదనంగా, తరచు నూటికి 20 దాకా, తీసుకుంటాయి. కొనేవాడు ఆ అదనాన్ని మనసులో తీసేసే పాడతాడు కాబట్టి అది చివరికి అమ్మేవాడి మీద పడ్డట్టే. పెద్ద సంస్థలు చిన్న సరుకును విడిగా తీసుకోవు, డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఫీజు తేదీ అంతదాకా ఆగదు.

పన్ను గురించి పిన్ని భయపడింది. అక్కడ సేకరణ వస్తువుల మీద వచ్చే దీర్ఘకాలిక లాభానికి పన్ను నూటికి 28 దాకా ఉండొచ్చు. అయితే వారసత్వంగా వచ్చిన వస్తువుకు, చనిపోయిన రోజున దాని విలువ ఎంతో అదే కొన్న ధరగా లెక్కవేస్తారు. సంవత్సరంలో ధర పెద్దగా పెరగలేదు కనుక లాభమే దాదాపు లేదు. ఆ రోజు నాటి ధరల కాగితాలు మాత్రం దాచమని చెప్పాను.

తొందర గురించి నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఇది నా ఆరో బడి. బదిలీ ఉత్తర్వు చేతిలో ఉన్నవాళ్ల మొహం చూడగానే కొనేవాడికి విషయం తెలిసిపోతుంది. రెండు ఊళ్ల కిందట 9,000 రూపాయలు వస్తుందనుకున్న ఫ్రిజ్‌ను లారీ గుమ్మంలో ఉండగా 3,500కు ఇచ్చేశాను. అందుకే పిన్నికి మొట్టమొదట చెప్పింది, శనివారం అనే మాట వ్యాపారిదని, మనది కాదని. ఫీజు తేదీకి ఇంకా ఐదు వారాలుంది. ఆవిడ ఆగింది. మూడో దారి ఎంచుకుంది.

పన్నెండింటిలో ఐదు కార్డులను గ్రేడింగుకు పంపమని సలహా ఇచ్చింది నేనే. కార్డును పరీక్షించి 1 నుంచి 10 దాకా అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపే సంస్థలున్నాయి. మూలలు, అంచులు, పైతలం, బొమ్మ నడిమధ్యన ఉందా లేదా అన్నవి చూస్తారు. కొనేవాడు మన మాట నమ్మనక్కరలేదు, అంకె నమ్ముతాడు. తుడవొద్దని, మడత సాపు చేయొద్దని, అంచులు కత్తిరించొద్దని తమ్ముడికి పదిసార్లు చెప్పాను. లోకంలో అతి ప్రసిద్ధమైన బేస్‌బాల్ కార్డు హోనస్ వాగ్నర్‌ది, టి206 అనే సిగరెట్ కార్డు. దాని ప్రతుల్లో అన్నిటికంటే అందమైనదాని అంచులు తానే కోశానని ఒక పెద్ద వ్యాపారి 2013లో కోర్టు ముందు ఒప్పుకున్నాడు. ఆ కథంతా తరగతికి చెప్పాను. మా కార్డులను స్కేలుతో కొలవాలని మాత్రం నాకు తట్టలేదు.

ఐదు కార్డులకు 200 డాలర్లయింది. కోఫాక్స్‌కు 4 వచ్చింది. క్లెమెంటేకు అంకె రాలేదు. అసలుదే కాని అంచు కోశారు అని రాసి పంపారు. 1952 నుంచి 1956 దాకా టాప్స్ కార్డులు పెద్దవి, సుమారు 95 మిల్లీమీటర్ల పొడవు, 67 వెడల్పు. 1957లో కంపెనీ వాటిని 89, 64కు తగ్గించింది. ఆ పక్కింటాయన పిల్లవాడిగా ఉన్నప్పుడు పాత కార్డును కొత్తవాటితో సరిపెట్టాలని కత్తెర పట్టి ఉంటాడు. అట్ట ముక్కే కదా, ఎవరికి తెలుసు!

1,500 అనుకున్న క్లెమెంటే 500కు తెగింది. పన్నెండు కార్డులకు 2,600 వచ్చాయి. వాటా 338, తపాలా 60, గ్రేడింగు 200 తీసేస్తే 2,002. మిగతావాటి 600 కలిపితే 2,602. వ్యాపారి మొదట చెప్పిన దానికంటే 398 తక్కువ.

ఆ అంకె వచ్చిన రాత్రి నేను పిన్నికి ఫోన్ చేయడానికి గంటసేపు జంకాను. చివరికి చేసి, నా సలహా వల్లే నష్టపోయారు అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ శనివారం వచ్చేవాడు స్కేలు తెచ్చుకోకుండా వస్తాడటే?" అంది. నిజమే, అతను చూసింది ఫొటోలే. 3,000 కూడా అడిగిన ధరలాంటిదే, తెగింది కాదు.

ఫీజు కట్టారు, కొంత అప్పు చేసి. బాబాయి తొడుగుల్లో దాచిన రెండో పెట్టెను వ్యాపారి వద్దని వదిలేశాడు. పిన్ని దాన్ని వీధి చివరి పిల్లలకు ఇస్తానంది గాని ఇంకా ఇవ్వలేదు. తమ్ముడు దాన్ని తన మంచం కింద పెట్టుకున్నాడు.