రంది అంటే వింటారు

గోదావరిఖనిలో నేను మొదటిసారి పెట్టించిన మానసిక ఆరోగ్య అవగాహన సభకు నూట యాభై కుర్చీలు వేశాం. అక్టోబరు 10, పొద్దున పదిన్నర. ఫ్లెక్సీ మీద ‘ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం’ అని పెద్ద అక్షరాలు. వచ్చినవాళ్లలో సగం మంది బడి పిల్లలు, మిగతా సగం వేదిక మీద కూర్చోవలసినవాళ్లు. ఎవరి కోసం పెట్టామో ఆ సింగరేణి బొగ్గుబాయి కార్మికుడు మాత్రం కనపడలేదు. కనపడేదెట్లా? ఆ వేళకు ఫస్టు షిఫ్టు వాళ్లు భూమి లోపల ఉన్నారు. సెకండు షిఫ్టు వాళ్లు కూరగాయలు తెచ్చి, ఇంత తిని, డ్యూటీకి పోయే తొందరలో ఉన్నారు. నైటు చేసి వచ్చినవాళ్లు కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకున్నారు. మా మైకు వాళ్ల నిద్ర కూడా చెడగొట్టింది.

ఇప్పుడు అలాంటి పని మీ నెత్తిన పడి ఉండొచ్చు. మీరు వెల్ఫేర్ ఆఫీసర్ కావచ్చు, యూనియన్ పిట్ సెక్రటరీ కావచ్చు, కాలనీ మహిళా సంఘంలో ఉండొచ్చు, రిటైరై ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలోనో సెంటినరీ కాలనీలోనో పదిమందికి పనికొచ్చే పని చెయ్యాలనుకుంటూ ఉండొచ్చు. మేం తిన్న దెబ్బలు మీరు తినకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందు వేళ కుదుర్చుకోండి. ఏడు నుంచి మూడు, మూడు నుంచి పదకొండు, పదకొండు నుంచి ఏడు: ఈ ఊరి దినచర్యంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. బాయి దగ్గర మాట్లాడాలంటే మధ్యాహ్నం మూడుకు కాస్త ముందు నిలబడండి. సెకండు షిఫ్టు వాళ్లు ల్యాంపు రూముకు పోకముందు ఒక పది నిమిషాలు దొరుకుతారు. పైకి వచ్చినవాళ్లను మాత్రం ఆపకండి, స్నానం చేసి ఇంటికి పోవాలన్న ఆరాటం మీద ఉంటారు. కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలంటే కాలనీలో సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా బాగుంటుంది. ఫస్టు షిఫ్టు వాళ్లు ఓ కునుకు తీసి లేచి ఉంటారు, నైటుకు పోవలసినవాళ్లు ఇంకా బయల్దేరరు. షిఫ్టు వారం వారం మారుతుంది కాబట్టి అదే కార్యక్రమం వరుసగా మూడు వారాలు, అదే చోట, అదే వేళకు పెట్టండి. మూడు రిలేల (షిఫ్టు జట్ల) వాళ్లూ దొరుకుతారు. ఒక్క పెద్ద సభకయ్యే ఖర్చుతో మూడు చిన్నవి అయిపోతాయి. ఆదివారం ఖాళీగా ఉంటారనుకోవద్దు, ప్లేడే (సెలవు రోజు) డ్యూటీ దొరికితే వదులుకునేవాళ్లు తక్కువ.

ఇక మాట. ‘మానసిక ఆరోగ్యం’ అనగానే మనవాళ్లు ఎర్రగడ్డ అనుకుంటారు. హైదరాబాదులోని ఆ ఆసుపత్రి పేరు మన దగ్గర తిట్టుగా మారిపోయింది, అది ఆ ఆసుపత్రి తప్పు కాదు. మేం రెండోసారి ఫ్లెక్సీ మీద ఆ మాట తీసేసి ‘రంది, బుగులు, నిద్ర పట్టకపోవుడు: డాక్టరుతోని ముచ్చట’ అని రాయించాం. ‘రంది’ అంటే ఇంట్లో ముసలమ్మకు తెలుసు, ఇంటర్ చదివే పిల్లకు తెలుసు. కొడుకు ఉద్యోగం రంది, బిడ్డ పెండ్లి రంది, అప్పు రంది. ఇట్లాంటిది పదిహేను రోజులు దాటినా తగ్గకుండా, తిండి, నిద్ర, పని మూడింటినీ పాడుచేస్తే అది వైద్యం అడిగే జబ్బు అని అక్కడి నుంచి చెప్పుకుపోవచ్చు. డిప్రెషన్, యాంగ్జయిటీ అన్న పేర్లు డాక్టరు తర్వాత చెప్తారు, తొందరలేదు.

ఎవరు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. మా దగ్గర అందరికంటే బాగా చెప్పింది ఒక రిటైర్డ్ సపోర్టు మేన్. చేతిలో కర్ర పట్టుకొని లేచాడు. “పనిల దిగంగనే మనం ఏం జేస్తం? కప్పు తట్టి జూస్తం. గట్టి సప్పుడొస్తే మంచిది. డొల్ల సప్పుడొస్తే కింద నిలబడం, దిమ్మ కొడ్తం. మరి పక్క మనిషి నాలుగు రోజుల సంది మాట్లాడ్తలేడు, డబ్బా ఇప్పి తింటలేడు. ఆన్ని ఎవరన్న తట్టి జూసినమా?” అన్నాడు. కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. డాక్టరు గారు ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలింది. ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో మొదలయ్యాక ఈ ఊళ్లో డాక్టర్ల కొరత మునుపటంత లేదు. కాబట్టి ముందే ఆసుపత్రికి వెళ్లి, మానసిక వైద్యం ఓపీ ఏ రోజుల్లో, ఏ గదిలో ఉంటుందో కనుక్కుని ఆ వివరం రాసి పెట్టుకోండి. శాలువాలు, పరిచయాలు, ముఖ్య అతిథి ఉపన్యాసం ఇవేవీ వద్దు. అనుమతులు, మైకు, టెంటు సంగతి మీకు తెలిసిందే.

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది బీపీ బల్ల గురించి. మీటింగు జరిగే చోటికి ఇరవై అడుగుల దూరంలో, నలుగురి చూపు పడని మూలకు ఒక బల్ల, రెండు కుర్చీలు, బీపీ మిషను, షుగరు చూసే సామాను పెట్టండి. కూర్చునే మనిషి వినడం నేర్చినవాడై ఉండాలి, నర్సు అయినా కౌన్సిలర్ అయినా సరే. బీపీ చూపించుకోవడానికి ఎవరికీ నామోషీ ఉండదు. ఆ రెండు నిమిషాల్లో “నిద్ర మంచిగ పడ్తుందా అన్నా?” అని ఒక్క మాట అడగమనండి. ఒకాయన మా బల్ల దగ్గరికి ఒకే సాయంత్రం మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి 150, రెండోసారి 148. మూడోసారి చొక్కా చెయ్యి మడుచుకుంటూ, మిషను కట్టకముందే, “సిస్టర్, బీపీ కాదు. నాలుగు నెల్ల సంది నిద్ర లేదు” అన్నాడు.

ఆయన అంతసేపు ఎందుకు తటపటాయించాడో ఇక్కడివాళ్లకు చెప్పక్కరలేదు. ఎక్కడైనా పేరు రాస్తే ‘అన్‌ఫిట్’ అంటారేమో, ఉన్న పని నుంచి తీసి వేరే పనికి వేస్తారేమో అని భయం. ఇంకో ముడి కూడా ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. కొత్త ఉద్యోగం దొరకడమే గగనమైన చోట, తండ్రి మెడికల్ ఇన్వాలిడేషన్ అయితే, అంటే జబ్బు వల్ల పనికి అనర్హుడని మెడికల్ బోర్డు తేల్చితే, కొడుక్కి ఉద్యోగం అన్న ఆశ ఎన్నో ఇళ్లలో ఉంది. దాంతో జబ్బు మాట ఎత్తితే చాలు, ‘నిజమా, నటనా’ అన్న అనుమానం వెంటే వస్తుంది. అందుకని మీ కార్యక్రమంలో మెడికల్ బోర్డు ఊసు, డిపెండెంట్ ఉద్యోగం ఊసు రానివ్వకండి. నాగాలు ఎక్కువైనవాళ్లను పిలిచి మస్టర్ల (హాజరు) గురించి ఇచ్చే కౌన్సెలింగ్‌తో దీన్ని కలపకండి. రెండూ ఒకటే అనిపించిన రోజు మీ బల్ల దగ్గరికి ఎవరూ రారు. పేర్ల రిజిస్టరు వద్దు, ఎంతమంది వచ్చారో లెక్క చాలు. కూర్చున్నవాళ్ల ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ వైద్యం పొందే మనిషి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఈ సంగతి మైకులో చెప్పండి, మీరూ పాటించండి.

అదే చట్టంలో 115వ సెక్షన్ గురించి కూడా చెప్పాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. పోలీసు కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంట్లోనే దాచిపెట్టే కుటుంబాలు ఈ మాట కోసమే చూస్తుంటాయి. చనిపోయినవాళ్ల పేర్లు, ఎట్లా చనిపోయారన్న వివరం మాత్రం వేదిక మీద వద్దు. ఆ అంచున ఉన్నవాళ్లకు ఆ వర్ణనే ప్రమాదం. “చచ్చిపోవాలనిపిస్తుందా?” అని దగ్గర కూర్చుని మెల్లగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, పుట్టదు. అవునంటే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

దసరా ముచ్చట వేరే చెప్పాలి. అక్టోబరు 10 దాదాపుగా, దసరాకు సింగరేణి ఇచ్చే లాభాల వాటా చేతికి వచ్చే రోజుల్లోనే పడుతుంది. 2024లో లాభాల వాటాగా 796 కోట్లు పంచారు. ఆ డబ్బు చుట్టూ అప్పులవాళ్లు, గిరిగిరి వడ్డీలవాళ్లు, వైన్సులు, ఫోన్లో ఆటలు అన్నీ కాచుకుని ఉంటాయి. కాబట్టి అప్పు గురించి, తాగుడు గురించి మాట్లాడితే పండుగకు పది రోజుల ముందే మాట్లాడండి. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ ఆడవాళ్లు కాలనీ మైదానానికి ఎట్లాగూ వస్తారు. ఆట మొదలయ్యే ముందు పది నిమిషాలు అడగండి. చెప్పే మనిషి వాళ్లలోనే ఒకరైతే బాగుంటుంది. భర్తకు నైటు పడ్డ వారం ఇల్లాలి నిద్ర కూడా పోతుందని, పగలంతా పిల్లల్ని ‘ష్’ అంటూ గడుపుతుందని ఆమెకు తెలుసు. అయ్యగారి తాగుడు గురించే కాకుండా ఆమె రంది గురించి కూడా అడిగే కార్యక్రమాలు చాలా తక్కువ, అందుకే ఇది వదలొద్దు.

తాగుడు మానేస్తామని వేదిక మీద ప్రమాణం చేయించే అలవాటు ఒకటుంది. దయచేసి చేయించకండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అయ్యప్ప మాల వేసుకుని మానేవాళ్లకు కూడా ఇదే చెప్పండి: మాల వేసుకోవడానికి ముందు ఒకసారి డాక్టరును కలవమని. మత్తు అలవాట్ల కోసం 14446 నంబరు ఉంది.

ఓపెన్‌కాస్టుల్లో మట్టి పనికి వచ్చిన కాంట్రాక్టు డ్రైవర్లు చాలామంది వేరే రాష్ట్రాలవాళ్లు. క్వార్టరు ఉండదు, ఇంటి మనిషి ఉండదు. ఆ 2024లోనే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ లాభాల్లోంచి అయిదు వేలు ఇచ్చారు. అవగాహనలో కూడా వాళ్లకు వాటా ఉండాలి. వాళ్ల క్యాంపు దగ్గర, రాత్రి వంట అయ్యాక, హిందీలో అరగంట చాలు.

ప్రమాదం జరిగిన బాయి దగ్గర సభ అసలే పెట్టొద్దు. 2003 జూన్ 16న ఏడో ఎల్‌ఈపీ బాయిలో నీళ్లు చొచ్చుకొచ్చి పదిహేడు మంది పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల బాయిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. అట్లాంటప్పుడు చూడవలసింది పోయినవాళ్ల ఇళ్లను మాత్రమే కాదు, ఆ షిఫ్టులో బతికి బయటపడ్డవాళ్లను, శవాలను మోసిన రెస్క్యూవాళ్లను కూడా. ఇద్దరు ముగ్గురు వెళ్లి కూర్చోండి. నెల తర్వాత మళ్లీ వెళ్లండి, ఏడాది తిరిగిన రోజున కూడా వెళ్లండి.

ఫోన్ నంబరు 14416. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మీరు మీటింగుకు ముందు రోజు ఒకసారి చేసి చూడండి. భాష ఎట్లా ఎంచుకోవాలో, ఎంతసేపు ఆగాలో తెలిస్తేనే ఇంకొకరికి చెప్పగలరు. బాయిలోకి ఫోను పోదు కాబట్టి నంబరు చిన్న కార్డు మీద కొట్టించి బండ్ల స్టాండు, క్యాంటీను, మంగలి షాపు, ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పెట్టండి.

ఇంకొకటి. ఆ మొదటి సభ అయిపోయి టెంటు వాళ్లు కుర్చీలు పేరుస్తుంటే, సైకిలు మీద ఒకాయన వచ్చి “అయిపోయిందా?” అని అడిగాడు. “అయిపోయింది అన్నా, వచ్చే ఏడు రా” అన్నాను నేనే. ఆయన కాసేపు అట్లనే నిలబడి వెళ్లిపోయాడు. ఎవరో, ఏం చెప్పాలనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కుర్చీలు తీసుకుపోయేటప్పుడు బీపీ బల్ల దగ్గరి రెండూ వదిలెయ్యమని టెంటు వాళ్లకు ముందే చెప్పండి. ఫ్లాస్కులో చాయ్ ఉంచండి. ఇంకో గంట మీరు అక్కడే కూర్చోండి.