మన మెట్రో బండియు, విద్యుత్తు శుద్ధియు

1902లో కావేరీనది మీది శివసముద్రము నుండి విద్యుత్తు కోలారు బంగారు గనులకు చేరెను. మన తెలుగువారనేకులు చెమటోడ్చిన గనులవి. 1905లో అదే విద్యుత్తుతో బెంగుళూరు వీధిదీపములు వెలిగెను. నాటి ప్రశ్న విద్యుత్తు కలదా, లేదా యనునదే. నేటి ప్రశ్న వేరు: వచ్చిన విద్యుత్తు శుద్ధమైనదేనా?

విద్యుత్తునకు శుద్ధి యేమని విద్యార్థులు నవ్వవచ్చును. మన యింటికి వచ్చు ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 మారులు ఊగును. ఆ ఊపును కాగితముపై గీచినచో నునుపైన సైన్ వక్రము రావలెను. వక్రము గరుకైనచో అందు 50కి 5 రెట్లు, 7 రెట్లు, 11 రెట్లు పౌనఃపున్యము గల చిన్న తరంగములు చేరినవని యర్థము. వీనిని అనుస్వరములందురు. వీణ తంత్రిలో అనుస్వరములు నాదమునకు మాధుర్యము నిచ్చును. విద్యుత్తున మాత్రము అవి ట్రాన్స్‌ఫార్మరులను వేడెక్కించును, కెపాసిటరులను చెరచును, రైలుమార్గములందు సంకేతములకై పట్టాలలో పోవు స్వల్పవిద్యుత్తును కలవరపెట్టగలవు. అదే సరఫరాపై ఆధారపడిన ఆసుపత్రికిని, కర్మాగారమునకును ఆ బాధ తప్పదు.

మన నగరమున 2011 అక్టోబరు 20వ తేదీన బైయప్పనహళ్ళి, మహాత్మాగాంధి రోడ్డుల నడుమ మెట్రో బండి మొదట నడచెను. దానికి గ్రిడ్డు నుండి 66,000 వోల్టుల విద్యుత్తు వచ్చును. అది 33,000 వోల్టులకు తగ్గి, మార్గము పొడవున నున్న ఉపకేంద్రములకు పంచబడి, అచ్చట రెక్టిఫయరుల ద్వారా 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారి మూడవ పట్టాను చేరును. బండిలోని ఇన్వర్టరు దానిని మరల మూడు దశల ఏకాంతర విద్యుత్తుగా మార్చి మోటారులకిచ్చును. ఇంత తిరుగుడేల? ఇండక్షన్ మోటారునకు అరిగిపోవు బ్రష్షులు లేవు. కాని దాని వేగము పౌనఃపున్యము ననుసరించును. గ్రిడ్డు పౌనఃపున్యము మారదు, బండి వేగము మారవలెను. కావున ఇన్వర్టరు తప్పనిసరి.

చిక్కంతయు రెక్టిఫయరులో నున్నది. అందలి డయోడులు విద్యుత్తును నునుపుగా గాక తునకలు తునకలుగా గ్రిడ్డు నుండి లాగును. మూడు దశలపై ఆరు డయోడుల అమరికలో, సిద్ధాంతరీత్యా, 5వ అనుస్వరము మూల తరంగములో ఐదవ వంతు, 7వది ఏడవ వంతు ఉండును. ఇది స్వల్పము కాదు. దీనికి ఇంజనీర్లు కనుగొన్న ఉపాయము మాకెంతయు ముచ్చట గొల్పును. రెండు రెక్టిఫయరులను పెట్టి, ఒకదానికి నక్షత్రాకారపు చుట్టలతోను, రెండవదానికి త్రిభుజాకారపు చుట్టలతోను ట్రాన్స్‌ఫార్మరు నుండి విద్యుత్తు నిచ్చెదరు. రెండింటికిని 30 డిగ్రీల తేడా వచ్చును. అప్పుడు గ్రిడ్డు వైపున రెండింటి 5వ, 7వ అనుస్వరములు పరస్పర విరుద్ధములై చెల్లిపోవును. ఉయ్యాలకు ఇరువైపుల నిలిచి ఇద్దరు బాలురు సమానబలముతో ఒకేసారి నెట్టినచో అది కదలునా? ఇక మిగులునవి 11, 13 మొదలగునవి, అవి చిన్నవి.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో ఆరంభమైనది. అది తలపై తీగ నుండి 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తును గ్రహించును. లెక్క వేయుడు: 3,000 కిలోవాట్లు కావలెనన్న 750 వోల్టుల వద్ద 4,000 ఆంపియర్లు, 25,000 వోల్టుల వద్ద, పవర్ ఫాక్టరు ఒకటి యనుకొన్నచో, 120 ఆంపియర్లే. కావుననే మన ఉపకేంద్రములు దగ్గర దగ్గరగా నుండవలసి వచ్చినవి. మనకును లాభము లేకపోలేదు: సొరంగమున పైతీగకు చోటు విడువనక్కరలేదు. హైదరాబాదు పద్ధతిలో మరియొక చిక్కు కలదు. బండి మూడు దశలను సమముగా వాడుకొనదు. గ్రిడ్డు ఒక ప్రక్కకు ఒరుగును.

బండి ఆగునపుడు మోటారే జనరేటరై విద్యుత్తును పుట్టించును. 25,000 వోల్టుల పద్ధతిలో అది ట్రాన్స్‌ఫార్మరు గుండా గ్రిడ్డుకు పోగలదు. డయోడు మాత్రము వెనుకకు పోనీయదు. 750 వోల్టుల పద్ధతిలో సమీపమున మరియొక బండి బయలుదేరుచున్నచో దానికి అందును. లేనిచో, ప్రత్యేకముగా ఇన్వర్టరులు పెట్టని చోట, నిరోధకములలో వేడియై పోవును.

మెట్రోలో బడికి వచ్చు పిల్లలకు ఒక్క మాట. ఆ మూడవ పట్టా పట్టాల ప్రక్కనే యున్నది. పైనున్న కప్పును చూచి మోసపోరాదు. 750 వోల్టులు ప్రాణము తీయుటకు చాలును. పుస్తకము గాని, ఫోను గాని జారిపడినచో దిగరాదు. సిబ్బందికి చెప్పుడు, విద్యుత్తును ఆపి వారే తీసి యిచ్చెదరు.