దూడ వన్నెను జూచి యెద్దును గుర్తించుట

పులికాటు సరస్సునందు చలికాలమున దిగు ఫ్లెమింగో పక్షుల గుంపులలో, గులాబివన్నె గలవాని నడుమ మురికి బూడిదరంగు గలవి కొన్ని కానవచ్చును. అవి వేఱొక జాతివని మన విద్యార్థులలో పలువురు తలంచుచున్నారు. అవి ఆ పక్షుల పిల్లలే. చిన్న రొయ్యలు, నాచు మొదలగు ఆహారమునందలి వర్ణద్రవ్యము కొన్ని సంవత్సరములకు వాని యీకలకెక్కగా తలిదండ్రుల వన్నె వచ్చును. పక్షి విషయమున పొరబడినచో మనకు నష్టము లేదు. పశువు విషయమున పొరబడినచో ఇల్లు నష్టపడును. కావున ఈ పాఠమును ఒంగోలు దూడలనుగూర్చి వ్రాయుచున్నాము.

ఒంగోలు జాతికే నెల్లూరు జాతియనియు పేరు. 1904వ సంవత్సరమున గుంటూరు జిల్లా యేర్పడువఱకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. ఆనాటి పేరే సముద్రము దాటి, బ్రెజిలు దేశమున ‘నెలోరె’ యని నిలిచినది. 1960 తరువాత అచ్చటికి పోయిన యొక ఆబోతు, ఒంగోలు దగ్గఱి కరవది గ్రామము పేరనే ఆ దేశమునందు మిక్కిలి ప్రసిద్ధి గాంచినది.

ఈ జాతి పెద్దపశువు సాధారణముగా తెల్లనిది. ఆబోతునకు తల, మెడ, మూపురములయందు ముదురు బూడిదవన్నె యుండును. దూడ యట్లుండదు. పుట్టినప్పుడు కొన్నిటికి ఒంటిపై ఎఱ్ఱని లేక గోధుమవన్నె ఛాయ యుండి, సుమారు ఆఱుమాసములలో వెలిసిపోయి తెలుపు తేలును. ఈ సంగతి నెఱుగని రైతు దూడ పుట్టిన నెలలోనే దిగులుపడును. ఎఱిగిన బేరగాడు “ఈ యెఱ్ఱన పోవునది కాదు” అని తల యాడించి, సగము ధరకు తోలుకొని పోవును. ఆఱునెలలు కట్టివేసి మేపినచో ఆ కోడెదూడయే ఒక బాలుని సంవత్సరపు చదువునకు చాలియుండును. తొందరపడి యమ్మరాదని తలిదండ్రులకు మనవి చేయుచున్నాము.

అయినను ప్రతి యెఱ్ఱనయు పోవునని చెప్పజాలము. ఒంగోలు జాతిలో పెద్దయైనను ఎఱ్ఱగానో, ఎఱుపుతెలుపులుగానో నిలుచు పశువులు అరుదుగా గలవు. కాబట్టి బొచ్చును విడిచి, మూతిని, కనురెప్పలను చూడవలెను. మూతి నల్లగాను, రెప్పవెండ్రుకలు నల్లగాను, కంటిచుట్టు నల్లని వలయముగాను ఉండుట మంచి గుర్తులు. మాంసపురంగు మూతియు, తెల్లని రెప్పవెండ్రుకలును, తెల్లని తోకకుచ్చును ఈ జాతికి లోపములుగా నెంచబడుచున్నవి. కోడెదూడ మెడ నల్లబడలేదని చింతింపనక్కఱలేదు; అది యీడు వచ్చిన పిమ్మట మగతనముతో వచ్చు వన్నె. చిన్నతనముననే విత్తు కొట్టించిన యెద్దునకు ఆ నలుపు అంతగా తేలదు. సేద్యమునకు దానివలన కొఱత లేదు.

యాకోబు చువ్వల కథ మన పిల్లలందఱు ఎఱిగినదే. చారలు గీచిన చువ్వలను నీళ్లతొట్లయెదుట నిలిపినందున మచ్చల పిల్లలు పుట్టెనని ఆదివారపు బడిలో చెప్పుకొని, అచ్చటనే ఆగిపోవుదురు. తరువాతి యధ్యాయమును చదువవలెను. అందు యాకోబునకు కలలో చూపబడినవి చువ్వలు కావు. మందపై దాటు చారల పొట్టేళ్లు. పిల్లల వన్నె తలిదండ్రులనుండి వచ్చుచున్నదని మేమందు గ్రహించుచున్నాము. మెండెలను సన్న్యాసి మఠపు తోటలో బఠానీలను పెంచి 1866లో ప్రకటించిన నియమమును దీనికి దూరము కాదు: ఒక తరములో దాగిన లక్షణము మఱుతరములో మరల బయలుపడవచ్చును. అందుచేత దూడను కొనువారు తల్లియావును చూచినంతనే తృప్తిపడక, దాటిన ఆబోతు ఏదియో, ఆ యావు మునుపటి ఈతల దూడలు ఏ వన్నెకు తిరిగెనో అడుగవలెను. పొరుగువారిని అడుగుట ఇంకను మేలు; వారికి అమ్మకమునందు లాభము లేదు గదా!

ఎన్నుకొనువారు లేని మందయు మనకు సమీపముననే కలదు. రాకెట్టు కేంద్రముకొఱకు 1970 ప్రాంతమున శ్రీహరికోట గ్రామములు ఖాళీయైనప్పుడు జనులు విడిచిపోయిన పశువుల సంతతి ఆ దీవియడవిలో మచ్చికలేక తిరుగుచున్నది. అచ్చట మూతివన్నెను పరీక్షించువారు లేరు. ఏ ఆబోతు పోరున గెలిచిన, ఏ దూడ ఎండకాలమును దాటిన, వాని వన్నెయే ముందునకు సాగును. మన దొడ్డిలో ఆ పని మనచేతిలో నున్నది. అయితే వన్నెకొఱకే యెన్నుకొని, వంకరకాళ్ల దూడను నిలుపువారిని మేము మెచ్చము.

ఇంట ఆవు ఈనబోవు విద్యార్థులు ఒక నోటుబుక్కు తెఱచి, దూడ పుట్టిననాడు దాని బొమ్మను రెండువైపులను గీచి, ఎఱ్ఱని చోట్లను, మూతి, రెప్పలు, తోకకుచ్చుల రంగును గుర్తింపవలెను. మూడవ, ఆఱవ, పండ్రెండవ మాసములలో మరల గీయవలెను. ఆబోతు పేరో, ఊరో తెలిసినచో మొదటి పుటలోనే వ్రాయుడు.