నాన్న జేబు కోసం ఎదురుచూసే పాప

ప్రశ్న: మాది రావులపాలెం. మావారు అరటి మార్కెట్‌లో కమీషన్ కొట్లో పనిచేస్తారు. తెల్లారకుండా వెళ్లి, లారీలకు గెలలు ఎక్కించి, ఒంటిగంటకు భోజనానికి వస్తారు. పాపకు రెండున్నరేళ్లు. గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగితే నాలుగు ముద్దలు తింటుంది. ఆయన రాగానే జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీస్తారు. వద్దంటే "పసిదాన్ని ఏడిపించకు" అంటారు. పోనీ మీరే పెట్టండంటే, ఫోన్ చూపించి పెడతారు. పిల్ల చిక్కిపోతోందని అత్తయ్యగారు నన్నే అంటారు. నాకు తినిపించడం చేతకాదా?
– ఓ తల్లి

జవాబు: చేతకాకేం! మీ పాప గడుసుది. ఒంటిగంటకు బిస్కెట్ ఖాయమని తెలిశాక పన్నెండున్నరకు పప్పన్నం ఎందుకు తింటుంది?

ముందు చిక్కడం సంగతి. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు చూసి కార్డులో గుర్తు పెడతారు. గీత పైకి వెళ్తుంటే బెంగ లేదు. ఏడాది దాటాక ఎదుగుదల వేగం తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. గీత దిగుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు పని పంచింది: ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్ల ఇష్టం, ఎంత తినాలో పిల్లల ఇష్టం. మీ ఇంట్లో ఆ పెద్దవాళ్లిద్దరిదీ చెరో దారి.

"పోనీ మీరే పెట్టండి" అన్నారే, అందులో అప్పగింత కన్నా పందెమే ఎక్కువ వినిపించింది నాకు. ఆయన ఓడిపోవాలని మీరు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండి ఉంటారు. మధ్యాహ్నం పూట నిజంగానే ఆయనకు వదిలేయండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, తన కంచంలోదే నెయ్యి వేసి కలిపి పెట్టమనండి. మెతుకులు కింద పడ్డా, రెండు ముద్దలకే లేచిపోయినా మీరు నోరు మెదపొద్దు. ఇది మీకు కష్టమే.

ఆయన వంతు రెండు షరతులు. కంచం దగ్గర ఫోన్ ఉండకూడదు. తెర చూస్తూ మింగే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు. రెండేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. రెండోది, జేబులోంచి ఏం తీసినా నాలుగు గంటలకే తీయాలి. మార్కెట్‌లో ఉండే మనిషికి చక్కెరకేళి దొరకదా?

మాట తేడా వస్తే పాప పడుకున్నాక తేల్చుకోండి. ఒంటిగంటకు బిస్కెట్ రాకపోతే పాప మొదట్లో అలుగుతుంది, రాగాలు తీస్తుంది, తీయనివ్వండి. అత్తయ్యగారికి ఈ ఏర్పాటు మీవారే చెప్పాలి, అదీ మీరు పక్కన లేనప్పుడు.