మాట వినని జవాను

1976 జనవరి. చలికాలం. అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిబిరానికి కొత్త జవాన్లు వచ్చారు. అందరూ కుర్రాళ్లే. పక్కపక్కనే మంచాలు. ఒకరికి దగ్గు వస్తే అందరికీ వచ్చేది.

వారిలో డేవిడ్ లూయిస్ ఒకడు. ఇరవై ఏళ్లు ఇంకా నిండలేదు. అతనికి తల తిరుగుతోంది. ఒళ్లంతా నీరసం.

"లేవొద్దు, పడుకో" అని చెప్పారు. విన్నాడా? లేదు. ఆ రాత్రి ఎనిమిది కిలోమీటర్ల నడక ఉంది. అందరితోపాటు తనూ బయలుదేరాడు. ఒంట్లో బాగోలేకపోయినా నాట్లకు పోయేవాళ్లు మన ఊళ్లలో లేరా? అలాంటివాడే.

ఎముకలు కొరికే చలి. నడకలోనే కుప్పకూలాడు. సార్జెంటు నోటితో ఊపిరి ఊదాడు. ప్రాణం నిలవలేదు. ఆ రోజు ఫిబ్రవరి 4. ఏ యుద్ధమూ చూడకుండానే పోయాడు.

పరీక్ష చేస్తే, అది పందుల్లో ఉండే ఫ్లూ అని తేలింది. డాక్టర్లు హడలిపోయారు. ఎందుకు? 1918లో ఫ్లూ వచ్చినప్పుడు మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారు. అమెరికాలో యుద్ధానికి బయలుదేరాల్సిన జవాన్లు వేలమంది శిబిరాల్లోనే కన్నుమూశారు.

రక్తపరీక్షలు చేస్తే ఫోర్ట్ డిక్స్‌లో 200 మందికి పైగా ఫ్లూ సోకిందని తెలిసింది. అమెరికాలో 4 కోట్ల మందికి టీకాలు వేశారు. కానీ ఆ ఫ్లూ శిబిరం దాటి పాకలేదు. శిబిరంలో దాంతో చనిపోయింది డేవిడ్ ఒక్కడే.